కాటుకీ సూదికీ మధ్య దూరం

సౌదీ అరేబియా వెళ్ళేవాళ్ళకి సూదులు కొత్త కాదు. హజ్‌కి బయల్దేరే యాత్రికులు మెనింజైటిస్ టీకా వేయించుకుని ఆ కాగితం దగ్గర పెట్టుకుంటారు. పని కోసం వెళ్ళేవాళ్ళు వఫీద్ మెడికల్‌లో, పాత పేరుతో చెప్పాలంటే గామ్కా మెడికల్‌లో, నెత్తురిచ్చి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, క్షయ, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటివి లేవని తేలాకే విమానం ఎక్కుతారు. ఈ పరీక్షలు, టీకాలు చాలావరకు ఆ దేశానికీ, అక్కడ గుమిగూడే జనానికీ బయటి నుంచి జబ్బులు రాకుండా పెట్టినవి. వెళ్తున్న మనిషి అక్కడ ఏ పనికి కుదురుతున్నాడు, ఆ పనిలో అతనికి ఏ జబ్బు ఎదురుకావచ్చు అన్న ప్రశ్న మాత్రం ఈ వరసలో ఎక్కడా రాదు. రేబిస్ టీకా సంగతి ఆ ప్రశ్న కిందికే వస్తుంది. కుక్క కరిచాక వేయించుకునే సూది అందరికీ తెలుసు. కరవకముందే, ప్రయాణానికి ముందే వేయించుకునే పద్ధతి కూడా ఒకటి ఉంది. దానికి పెట్టే డబ్బు దండగా, అవసరమా? సౌదీ వెళ్ళే ప్రతి ఒక్కరికీ వేయించమనడం నిజంగా దండగే. అలాగని ఎవరికీ అక్కర్లేదనడం ప్రాణాంతకమైన పొరపాటు. ఏ జంతువు ఎన్నిసార్లు కరుస్తుందన్నదాన్ని బట్టి కాకుండా, కరిచిన చోటి నుంచి సరైన వైద్యం ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి దీన్ని తేల్చుకోవాలి. అలా చూస్తే తెలుగువాళ్ళలో రెండు వర్గాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటి ఎడారిలో ఒంటెలు, గొర్రెలు కాసేవాళ్ళు. రెండోది రియాద్, జెద్దా, దమ్మాంలలో పెరుగుతూ ఏటా సెలవులకి మన ఊళ్ళకి వచ్చే పిల్లలు.

ముందు జబ్బు సంగతి. రేబిస్ వైరస్ జబ్బుపడిన జంతువు చొంగలో ఉంటుంది. పంటి గాటుతోనో, గోటి గీతతోనో, చర్మం చిట్లిన చోట ఆ చొంగ తగలడంతోనో మనిషిలోకి వస్తుంది. వచ్చాక నెత్తుట్లో తిరగదు, నరాల వెంట మెల్లగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. అందుకు మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోనే బయటపడవచ్చు, ఏడాది దాటాక కూడా బయటపడవచ్చు. తల, ముఖం, మెడ మీద కరిస్తే మెదడు దగ్గర కాబట్టి గడువు తక్కువ. నీళ్ళు చూస్తే గొంతు బిగుసుకుపోవడం, గాలి తగిలితే వణికిపోవడం మొదలయ్యాయంటే ఇక ఏ వైద్యుడూ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ప్రపంచం మొత్తం మీద ఏటా 59,000 మంది దీనితో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 99 శాతం కుక్కల వల్లే. భారత వైద్య పరిశోధన మండలి 2022-23లో 15 రాష్ట్రాల్లో ఇంటింటి సర్వే చేసి, మన దేశంలో ఏటా 91 లక్షల జంతు కాట్లు, 5,700 పైచిలుకు రేబిస్ మరణాలు ఉంటున్నాయని లెక్క తేల్చింది. కుక్క కరిచినవాళ్ళలో దాదాపు ఐదో వంతు మందికి ఒక్క డోసు టీకా కూడా పడలేదని ఆ సర్వేలోనే తేలింది. అడ్డుకోవడానికి నూటికి నూరుపాళ్ళు వీలున్న జబ్బుతో మనుషులు ఎలా చనిపోతున్నారో ఆ ఐదో వంతే చెబుతోంది.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న భయం మన పెద్దవాళ్ళలో ఇంకా పోలేదు. అది కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన, గొర్రె మెదడు నుంచి తీసే పాత టీకా. నొప్పి, దుష్ఫలితాలు ఎక్కువ. మన దేశంలో దాన్ని ఆపేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడున్నవి కణాల్లో పెంచిన వైరస్‌ని చంపి చేసిన శుభ్రమైన టీకాలు. వాటిలో ఒకటైన అభయ్‌రాబ్‌ని తయారుచేసే ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ మన హైదరాబాద్ సంస్థే. జబ్బ మీద వేస్తారు. కాస్త నొప్పి, వాపు, కొందరికి ఒకరోజు జ్వరం రావచ్చు, అంతే. జంతువు కరిచినప్పుడు చేయాల్సినవి మూడు. మొదటిది సబ్బు, ధారగా పారే నీళ్ళతో పదిహేను నిమిషాల పాటు గాయం కడగడం. రెండోది అదే రోజు మొదలుపెట్టి గడువు ప్రకారం టీకా డోసులు. మూడోది, నెత్తురొచ్చిన గాయమైతే, ఇమ్యునోగ్లోబులిన్ అనే సీరాన్ని గాయంలోనూ గాయం చుట్టూ ఎక్కించడం. ఈ మూడోదాని అవసరం ఎందుకంటే, టీకా పడ్డాక ఒంట్లో రక్షణ పదార్థాలు తయారుకావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా వైరస్ నరంలోకి దూరకుండా సీరం కాపు కాస్తుంది. టీకా పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూడా దొరుకుతుంది. సీరం అన్నిచోట్లా దొరకదు. మనుషుల రక్తం నుంచి తీసే రకం ఖరీదు కూడా ఎక్కువ. కిలో బరువుకి 20 యూనిట్ల చొప్పున ఇవ్వాలి కాబట్టి అరవై కిలోల మనిషికి 1,200 యూనిట్లు కావాలి. 300 యూనిట్ల సీసాలైతే నాలుగు.

ముందే టీకా వేయించుకున్న మనిషిని జంతువు కరిస్తే ఈ లెక్క మారిపోతుంది. సీరం అక్కర్లేదు. కరిచిన రోజు ఒక డోసు, మూడో రోజు ఇంకొకటి, రెండుతో అయిపోతుంది. ముందు పడిన టీకా నేర్పిన పాఠం శరీరానికి గుర్తుండడం వల్ల ఆ రెండు డోసులకే రక్షణ వేగంగా లేస్తుంది. ముందస్తు టీకా కాటుని ఆపదు, కాటు తర్వాతి వైద్యాన్ని పూర్తిగా తప్పించదు కూడా. అది చేసేది, అన్నిటికంటే అరుదైన, ఖరీదైన మందుని అవసరం లేకుండా చేయడం, ఆసుపత్రికి చేరేలోగా మనిషికి కొంత ఆసరా ఇవ్వడం. దీని విలువ కట్టేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోవాలి.

పాశ్చాత్య దేశాల్లో ఈ లెక్కలు 1990ల మొదటి నుంచీ వేస్తున్నారు. ఆసియా, ఆఫ్రికాలకి విహారానికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ టీకా వేస్తే ఎంత ఖర్చు, అందువల్ల ఎన్ని మరణాలు ఆగుతాయి అని చూస్తే, ఒక్క ప్రాణానికి అయ్యే ఖర్చు ఏ ప్రభుత్వమూ భరించలేనంతగా తేలుతుంది. కారణం తేలికే. 1990 నుంచి 2012 వరకు ప్రపంచం మొత్తం మీద ఒక దేశంలో కరిపించుకుని మరో దేశంలో రేబిస్‌తో పడిపోయినట్టు నమోదైనవాళ్ళు 60 మంది. ఇరవై మూడేళ్ళలో అరవై మంది. దాన్ని ఆపడానికి కోట్లమందికి సూదులు వేయాలి. అమెరికాలాంటి చోట మూడు డోసుల పద్ధతి ఉన్నప్పుడు ఈ టీకా ఖరీదు వెయ్యి డాలర్లు కూడా దాటేది. రెండు వారాల పాటు హోటల్లో దిగి, కరిస్తే మర్నాడే విమానమెక్కి ఇంటికి పోగలిగినవాడికి ఆ ఖర్చు దండగేనని వాళ్ళు తేల్చారు. తప్పు లేదు.

ఆ లెక్కని మనవాళ్ళకి అలాగే అంటించడం మాత్రం తప్పు. మొదటి సంగతి ధర. మన దేశంలో ఒక డోసు నాలుగు వందల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం మొదటి రోజు, ఏడో రోజు, ఇరవై ఒకటో రోజు లేదా ఇరవై ఎనిమిదో రోజు, మొత్తం మూడు డోసులు వేసుకుంటే పన్నెండు వందలు. వారం తేడాతో రెండు డోసులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది, ఆ లెక్కన ఎనిమిది వందలు. రెండో సంగతి కాలం. విహారయాత్రికుడు ఒకసారి పోయి వస్తాడు. వలస కార్మికుడు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాడు. అతని పిల్లలు ఏటా ఇక్కడికి వస్తారు. ప్రయాణికుల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నెలకి సగటున వెయ్యిమందిలో నలుగురికి రేబిస్ అనుమానించాల్సిన కాటో గీతో పడుతోందని ఒక అంచనా. దేశాన్ని బట్టి ఇది చాలా మారుతుంది, కాబట్టి దీన్ని ఒక కొలకర్రగా మాత్రమే వాడదాం. రెండు వారాల యాత్రికుడికి అయిదువందల్లో ఒక వంతు అవకాశం. మూడో ఏట నుంచి పదిహేనో ఏట దాకా ఏడాదికి రెండు నెలలు ఇక్కడ గడిపే పిల్లకి మొత్తం ఇరవై నాలుగు నెలలు. అంటే పదకొండు మందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఆ అనుభవం తప్పదన్నమాట. టీకా ఖర్చు మాత్రం ఒక్కసారే, ఎందుకంటే ఒకసారి పూర్తిగా వేయించుకుంటే ఆ జ్ఞాపకం శరీరంలో ఏళ్ళ తరబడి ఉంటుంది. జంతువులతోనూ వైరస్‌తోనూ రోజూ పనిచేసేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి, కరవకపోతే మళ్ళీ మళ్ళీ బూస్టర్లు అక్కర్లేదు. ఒకే ఖర్చుని రెండు వారాల మీద పరచడం వేరు, పన్నెండేళ్ళ మీద పరచడం వేరు.

ఇక ఆ అరవై మంది లెక్కని కూడా జాగ్రత్తగా చదవాలి. సౌదీ నుంచి సెలవుకి వచ్చిన మనిషి జగిత్యాల దగ్గర కరిపించుకుని, ఇక్కడే జబ్బుపడి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో చనిపోతే అతను ప్రయాణికుడిగా ఏ లెక్కలోకీ రాడు. భారతదేశపు రేబిస్ మరణాల్లో ఒకడిగా కలిసిపోతాడు. వలస బతుకులున్న కుటుంబాలకి ఎదురయ్యే ప్రమాదాన్ని ఈ లెక్కలు అసలు కొలవనే లేదు.

సౌదీ సంగతికి వద్దాం. అక్కడ మనుషుల్లో రేబిస్ బాగా అరుదు. వైద్య పత్రికల్లోకి ఎక్కినదాంట్లో మొరాకో వెళ్ళి అక్కడ కుక్క బారిన పడి, తిరిగొచ్చాక చనిపోయిన సౌదీ పౌరుడి ఉదంతం ఒకటుంది, అంటే అది కూడా బయటినుంచి వచ్చిందే. జంతువుల్లో మాత్రం జబ్బు ఉంది. ఆ దేశపు ఆరోగ్య శాఖ లెక్కల ఆధారంగా 2015లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, 2007 నుంచి 2009 దాకా మూడేళ్ళలో 11,069 జంతు కాట్లు నమోదయ్యాయి. అందులో సగం కుక్కలవి, నాలుగో వంతుకి కాస్త పైన పిల్లులవి. ఆ తర్వాత ఎలుకలు, ఒంటెలు, నక్కలు, కోతులు, తోడేళ్ళు. 2005, 2010 మధ్య నక్కలు, కుక్కలు, గొర్రెలు, మేకలు, ఒంటెలు, తోడేళ్ళు, ఆవుల్లో రేబిస్ పరీక్షల్లో రుజువైంది. రియాద్‌లో ఆఫీసులో పనిచేసే ఇంజనీరుకో, జెద్దాలో మాల్‌లో సేల్స్‌మన్‌కో, మక్కా మదీనాల మధ్య బస్సులో తిరిగే యాత్రికుడికో ఇందులో పెద్దగా భయపడాల్సింది లేదు. వీధి పిల్లుల్ని చంకనెత్తుకోకపోవడం, తాయిఫ్ ఘాట్ రోడ్డు మీద గుంపులుగా వచ్చే బబూన్ కోతులకి చేత్తో అరటిపండ్లు అందించకపోవడం, ఒకవేళ గీరితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళడం, ఇంత చాలు. ఆసుపత్రి అరగంటలో ఉంది, మందు ఉంది, ఇన్సూరెన్సు ఉంది, ఆరోగ్య శాఖ 937 నంబరుకి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. వీళ్ళకి ముందస్తు టీకా అక్కర్లేదని నేను ఏ సంకోచమూ లేకుండా అంటాను.

ఎడారి వేరు. కసీం ప్రాంతంలో 1997 నుంచి 2006 దాకా ఒంటెల్లో వచ్చిన రేబిస్‌ని అక్కడి పశువైద్యులు వెనక్కి తిరిగి పరిశీలించారు. జబ్బుపడిన ఒంటెల్లో దాదాపు 70 శాతాన్ని ఊరకుక్కలు, 17 శాతాన్ని నక్కలు కరిచాయి. వెయ్యి ఒంటెల్లో రెండింటికి జబ్బు కనిపించింది. వినడానికి చిన్న సంఖ్య. వందల ఒంటెల మందతో ఏళ్ళపాటు పగలూ రాత్రీ గడిపే కాపరికి అది చిన్నది కాదు. రేబిస్ వచ్చిన ఒంటె కుక్కలా వెంటపడి కరవాలనేం లేదు. మేత మానేస్తుంది, నోట్లోంచి చొంగ కారుస్తుంది, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు చేస్తుంది. పశువుల మధ్య పెరిగిన మనిషి అప్పుడు చేసే మొదటి పని చెయ్యి నోట్లో పెట్టి ముల్లో గుడ్డ పేలికో ఉందేమో చూడడం. తాళ్ళు లాగి లాగి చర్మం లేచిన ఆ చేతులకి చొంగ తగిలితే, కాటు లేకుండానే ప్రమాదం జరిగిపోయినట్టే. తనకేదో జరిగిందని అతనికి తెలియను కూడా తెలియదు. బ్రిటన్‌లో 2025లో చనిపోయిన ఒక మహిళకి మొరాకోలో ఓ కుక్కపిల్ల వల్ల పడింది చిన్న గీత మాత్రమే. చిన్నదని వదిలేసేది ప్రాణం తీయడం ఈ జబ్బులో మామూలే.

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్ పల్లెల నుంచీ, ఇటు కడప, రాయచోటి వైపు నుంచీ ఈ పనికి వెళ్ళేవాళ్ళ పరిస్థితి మన పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. ఇంటి డ్రైవరనో తోటపననో చెప్పి తీసుకెళ్ళి, చివరికి ఎడారిలో రేకుల షెడ్డులో మందకి కాపలా పెట్టిన ఉదంతాలు ఉన్నాయి. సౌదీ ప్రభుత్వం 2021 మార్చిలో తెచ్చిన కార్మిక సంస్కరణల్లో యజమాని అనుమతి లేకుండా పని మారే వెసులుబాటు చాలామందికి దక్కింది. ఇంటి పనివాళ్ళు, డ్రైవర్లు, తోటమాలులు, పశువుల కాపరులు మాత్రం అందులోకి రాలేదు. వైద్యం కోసం ఊరికి వెళ్ళాలంటే బండి కఫీల్‌ది, అంటే యజమానిది, అనుమతీ కఫీల్‌దే. నీళ్ళ ట్యాంకరూ మేతా వచ్చే రోజు దాకా మరో మనిషి కనిపించని చోట్లున్నాయి. అకామా (నివాస అనుమతి) గడువు దాటినవాళ్ళు, హురూబ్ (పని వదిలి పారిపోయాడన్న) కేసు పడ్డవాళ్ళు, మనవాళ్ళ మాటల్లో ఖల్లివెల్లి అయినవాళ్ళు, ఆసుపత్రి గుమ్మం ఎక్కితే పోలీసులకి అప్పజెబుతారేమోనన్న భయంతో గాయాన్ని దాచుకుంటారు. ఆసుపత్రిలో టీకా ఉంది, సీరం ఉంది, డాక్టరు మంచివాడు. అయినా మధ్యలో ఉన్న ఇసుక, భయం, ఇంకొకరి అనుమతి కలిసి ఆ మందుని అతనికి అందనీయవు. ముందస్తు టీకా పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. రెండు రోజులు ఆలస్యంగా చేరినా, సీరం లేని చిన్న క్లినిక్‌కే చేరినా, రెండు డోసులతో అతను గట్టెక్కే అవకాశం బాగా పెరుగుతుంది. వైద్యం సకాలంలో అందని మారుమూల జనానికి ముందే టీకా వేయడాన్ని ఆలోచించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇలాంటివాళ్ళని ఉద్దేశించే.

సెలవుకి వచ్చే పిల్లల విషయంలో దిశ తిరగబడుతుంది. ఇక్కడ ప్రమాదం ఉన్నది సౌదీలో కాదు, మన వీధుల్లో. రియాద్ ఫ్లాట్లలో, కాంపౌండ్లలో పెరిగిన పిల్లలకి వీధికుక్క మనస్తత్వం తెలియదు. తింటున్న కుక్క దగ్గరికి వెళ్ళకూడదని, పిల్లలున్న కుక్కని కదిలించకూడదని, గుంపు ఎదురైతే పరుగెత్తకూడదని వాళ్ళకి ఎవరూ నేర్పి ఉండరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు నాలుగేళ్ళ బాబు ప్రాణం తీసిన ఘటన తర్వాత ఈ భయం గల్ఫ్ తల్లిదండ్రుల్లోనూ బలపడింది. చిన్నపిల్లల ఎత్తుకి కుక్క నోరు అందేది ముఖం, మెడ దగ్గర. అందువల్ల మెదడుకి దూరం తక్కువ, గడువు తక్కువ. పైగా తిడతారని చిన్న గీత పడ్డ సంగతి చెప్పరు. అనుమానాస్పద జంతువులు కరిచినవాళ్ళలో 40 శాతం మంది పదిహేనేళ్ళ లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడంలో ఆశ్చర్యం లేదు. ఊళ్ళో అమ్మమ్మ ఇంట్లో ఇది జరిగితే, పసుపో కారమో సున్నమో పెట్టి కట్టు కట్టేవాళ్ళు, పసరు మందు పోసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వీటిలో ఏదీ వైరస్‌ని చంపదు, సబ్బుతో కడిగే పని మాత్రం ఆలస్యమవుతుంది. మూడో డోసు లోపే సెలవులు అయిపోయి తిరుగు విమానం ఎక్కితే, అక్కడ మిగతా డోసులు వేయించడం మరిచిపోవడానికి ఆస్కారమూ ఎక్కువే. ముందే టీకా పడిన పిల్లకి రెండు డోసులు మూడు రోజుల్లో అయిపోతాయి.

ముందస్తు టీకా వాదనకి గట్టి అభ్యంతరం ఒకటుంది. టీకా వేయించుకున్నాననే ధీమాతో, నిజంగా కరిచినప్పుడు మనిషి ఆసుపత్రికి వెళ్ళడం మానేస్తే? అప్పుడు మేలు చేయాల్సిన టీకాయే కీడు చేసినట్టవుతుంది. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ముందస్తు టీకా ఒక్కటే పూర్తి రక్షణ ఇస్తుందని నమ్మి కూర్చోవడం ప్రమాదమే. కానీ ఈ ప్రమాదం టీకాది కాదు, టీకాతో పాటు చెప్పాల్సిన మాట చెప్పకపోవడానిది. కరిస్తే ఇంకా రెండు డోసులు వేయించుకోవాలి అన్న ఒక్క వాక్యం డాక్టరు నోటి నుంచి వినిపించకుండా, కార్డు మీద తెలుగులో రాయకుండా ఈ టీకా వేయకూడదు. అక్షరం రాని కాపరికైతే ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పాలి. ఇంకో సంగతి. టీకా పడని మనిషికి ధీమా ఉండదు కాబట్టి తప్పకుండా ఆసుపత్రికి వెళ్తాడనుకోవడం కూడా ఊహే. ఏ టీకా ముందుగా వేయించుకోని మామూలు జనంలోనే కదా, కుక్క కరిచినవాళ్ళలో ఐదో వంతు మంది ఒక్క డోసైనా లేకుండా ఉండిపోయింది.

మనుషులకి సూదులు వేసేకంటే కుక్కలకి వేయడం మేలన్నది రెండో అభ్యంతరం. సమాజం మొత్తానికి ఇదే సరైన దారి, ఇందులో నాకు అనుమానం లేదు. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకి టీకా పడితే జబ్బు గొలుసు తెగుతుంది. మెక్సికో అలా చేసే 2019లో కుక్కల ద్వారా వచ్చే రేబిస్ లేని దేశంగా గుర్తింపు పొందింది. మన గోవా అదే దారిలో నడిచి ఫలితం చూపించింది. 2030కల్లా కుక్కల రేబిస్ లేకుండా చేస్తామని కేంద్రం 2021లో ప్రణాళిక ప్రకటించింది. ఆ పని అందరం కోరుకోవాలి, ప్రభుత్వాన్ని నిలదీసి అడగాలి. అయితే వచ్చే నెల విమానం ఎక్కే మనిషి ఆ ప్రణాళిక పూర్తయ్యేదాకా ఆగలేడు. పైగా సౌదీ ఎడారిలో జబ్బుని తిప్పుతున్నది ఊరకుక్కలు మాత్రమే కాదు, నక్కలు కూడా. నక్కని పట్టుకుని ఎవరూ సూది వేయలేరు. యూరప్ దేశాలు మేతలో టీకా కలిపి అడవుల్లో చల్లి నక్కల్లో రేబిస్‌ని అదుపు చేశాయి గాని, అందుకు దశాబ్దాలు పట్టింది.

ఖర్చు ఎవరు పెట్టాలన్నది మిగిలింది. సెలవుకి వచ్చే కుటుంబాలు తామే పెట్టుకోగలవు, టికెట్ల ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రానిది. కాపరి పరిస్థితి అలా కాదు. అప్పుచేసి ఏజెంటుకి కట్టినవాడిని ఇంకో పన్నెండు వందలు పెట్టమంటే, ఎప్పుడో వస్తుందో రాదో తెలియని జబ్బు కోసం పెట్టడు, పెట్టమని గదమాయించే హక్కు మనకి లేదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి తెలంగాణ ప్రభుత్వం 2024లో అయిదు లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మంచి పని. ఆ ఒక్క కుటుంబానికిచ్చే మొత్తంతో నాలుగు వందల మందికి పైగా కాపరులకి మూడేసి డోసులు వేయించవచ్చు. గుంపుగా వేస్తే ఇంకా తక్కువ. చర్మం పొరలో వేసే పద్ధతికి మన దేశంలో 2006 నుంచీ అనుమతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన తీరులో ఒక్కొక్కరికి ఒక విడతకి 0.2 మిల్లీలీటర్లు చాలు, కాబట్టి ఒక మిల్లీలీటరు సీసాతో అయిదుగురికి సరిపోతుంది. రెండు విడతలకీ కలిపి తలకి రెండు వందలు కూడా కాదు. కలిపిన మందు కొన్ని గంటల్లోనే వాడేయాలి కాబట్టి ఒంటరి మనిషికి ఇది కుదరదు, పదిమంది ఒకచోట చేరినప్పుడే కుదురుతుంది. అలా చేరే చోటు ఇప్పటికే ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, అంటే వలస అనుమతి తీసుకోవాల్సిన రకం పాస్‌పోర్టుతో, వెళ్ళేవాళ్ళకి ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఉంటుంది, వాళ్ళు ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరిగా తీసుకుంటారు. రెండేళ్ళ బీమాకి 275 రూపాయలు. అదే వరసలో పశువుల కాపరి వీసా మీద వెళ్ళేవాళ్ళకి ఈ టీకా మొదటి విడత శిక్షణ రోజున, రెండో విడత వారం తర్వాత వేయడం టామ్‌కామ్, ఏపీఎన్ఆర్‌టీఎస్ లాంటి ప్రభుత్వ సంస్థలు పూనుకుంటే సాధ్యమే. చిక్కల్లా డ్రైవరు వీసా మీద వెళ్ళి కాపరి అయ్యేవాళ్ళతోనే. వాళ్ళని కాగితాల్లో ముందుగా పట్టుకోలేం. అందుకే పల్లెల నుంచి ఇంటి పని, తోట పని, డ్రైవరు వీసాల మీద వెళ్ళేవాళ్ళందరికీ కలిపి వేయడమే మేలు. కొందరికి అనవసరంగా పడుతుంది, నిజమే. తలకి రెండు వందల చొప్పున ఆ అనవసరం భరించదగినదే.

ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్ళు తర్వాతి ఛుట్టీకి వచ్చినప్పుడు మొదటి వారంలోనే మొదలుపెడితే, నెల రోజుల సెలవులో మూడు డోసులూ పడతాయి. పిల్లలతో వచ్చేవాళ్ళకి ఇంకా మంచి దారి, బయల్దేరే నెల ముందే సౌదీలోనే వేయించుకుని రావడం. అది కుదరకపోతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దిగిన మర్నాడే మొదటి డోసు వేయించి, ఊరికి ఆ తర్వాత వెళ్ళాలి. రెండో డోసు పడేదాకా, పడ్డాక కూడా కొన్నాళ్ళు, పిల్లలకి ఎలాంటి రక్షణా లేదన్నట్టే చూసుకోవాలి. ఈలోగా ఏ జంతువు గీరినా సీరంతో సహా పూర్తి వైద్యం చేయించాల్సిందే. ఏ తేదీన ఏ టీకా పడిందో రాసిన కార్డు ఇంగ్లీషులో ఉండేలా అడిగి తీసుకుని, ఫోటో తీసి అకామా ఫోటో పక్కనే ఫోన్లో పెట్టుకోవాలి. బురైదాలోనో హఫర్ అల్ బాతిన్‌లోనో భాష రాని కాపరి ఆ ఫోటో చూపిస్తే, ఇతనికి సీరం వెతకాల్సిన పనిలేదని, ఈ రోజు ఒక డోసు, మూడో రోజు ఒక డోసు వేస్తే సరిపోతుందని అక్కడి డాక్టరుకి ఒక్క చూపులో తెలుస్తుంది.